జహీరాబాద్ సంఘాల జొన్నలు, కొర్రలు, కందులు: కొని, వండి, తిన్న తరువాత

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి పనిచేసే మహిళా సంఘాల వారు, వారిలో ఎక్కువమంది దళిత కుటుంబాల వారే, పండించిన పచ్చజొన్నలు, కొర్రలు, సామలు, తైదలు (రాగులు), కందులు కొంతకాలంగా మా వంటింట్లో వాడుతున్నాం. చిరుధాన్యాల మీద ఇప్పుడు కనిపించే సమీక్షల్లో ఎక్కువ భాగం మధుమేహం, బరువు, పీచు పదార్థం అనే మూడు మాటల చుట్టూ తిరుగుతాయి. అవి అక్కర్లేని విషయాలని నేను అనను. అయితే ఈ గింజల విషయంలో వాటికంటే ముందు చెప్పవలసినది ఒకటి ఉంది. పండించిన ఇంటి తిండికి, వచ్చే ఏటి విత్తనానికి, ఊళ్లో గింజ లేని ఇంటికి పోగా మిగిలినదే సంచిలోకి ఎక్కి మన దాకా వస్తుంది. వీటి రుచి, నాణ్యత, ధర, ఒక్కోసారి దొరకకపోవడం కూడా ఈ వరుస నుంచే వచ్చాయి. కొనేవారికి ఈ వరుస తెలియకపోతే సగం గుణాలు లోపాలుగా కనిపిస్తాయి, అసలు లోపాలు కంటికి ఆనవు.

మొదట జొన్నల సంగతి. పట్నంలో జొన్న అంటే తెల్లగా, అన్నీ ఒకే పరిమాణంలో ఉండే గింజ అనుకోవడం మనకు అలవాటైపోయింది. ఇక్కడి పచ్చజొన్న వానకాలపు పంట. గింజ పసుపు వన్నెలో, చిన్నదిగా, గట్టిగా ఉంటుంది. యాసంగిలో మంచు తేమ మీద పండే తెల్ల మల్లెజొన్న దీనికి భిన్నమైనది. దాని పిండి మెత్తన, రొట్టె తెల్లన. రెండూ రొట్టెకు పనికివస్తాయి గాని, గట్కకు పచ్చజొన్నే మేలని నా అభిప్రాయం. గింజను రవ్వగా విసిరి, మరుగుతున్న ఎసట్లో పోసి, సన్నని సెగ మీద తెడ్డుతో కలుపుతూ ఉడికిస్తే ముద్ద కాకుండా పలుకు పలుకుగా దిగుతుంది, అడుగున పట్టిన మాడు కూడా చేదెక్కదు. దానిలోకి పచ్చిపులుసు గాని, పుంటికూర (గోంగూర) పప్పు గాని ఉంటే మరొకటి అక్కర్లేదు. రాత్రి మిగిలిన గట్కను నీళ్లలో నానబెట్టి, పొద్దున మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు వేసుకొని తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి ఊసు రాదు. ఎండాకాలంలో మా ఇంట్లో ఇడ్లీ కంటే దీనికే ఎక్కువ గిరాకీ ఉంటున్నది.

రొట్టె సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే జొన్నల నాణ్యత బయటపడేది అక్కడే. జొన్నపిండికి గోధుమపిండికి ఉన్న సాగుడు లేదు. పిండి పాతబడితే ఎంత నేర్పు ఉన్నా ఉండ అంచుల దగ్గర పగులుతుంది. అందుకే గింజగా కొని, వారం పది రోజులకు సరిపడా మాత్రమే విసిరించుకోవాలి. సలసల మరిగిన నీళ్లు పిండిలో పోసి, చేయి కాలకుండా ముందు గరిటెతో కలిపి, గోరువెచ్చగా ఉండగానే అరచేత్తో అదిమి అదిమి మర్దించాలి. పొడిపిండి చల్లిన పీట మీద ఉండను పెట్టి, ఒక చేత్తో తిప్పుతూ రెండో చేత్తో చరుస్తూ పోతే అది వేళ్ల కిందనే పలచబడుతుంది. పెనం మీద వేశాక పైభాగమంతా తడిగుడ్డతో తడిపి, ఆ తడి ఆరీ ఆరకముందే తిప్పాలి. సంఘాల జొన్నపిండితో చేసిన రొట్టె ఇలా తిప్పినప్పుడు విరగలేదు, చివరకు నేరుగా మంట మీద పెట్టినప్పుడు రెండు పొరలుగా పొంగింది. చల్లారాక కూడా అట్టముక్కలా బిగుసుకోలేదు. రొట్టె చేయడం కొత్తగా నేర్చుకుంటున్న వారికి మంచి గింజ సగం పని చేసి పెడుతుంది.

కొర్రలకు వస్తే, వీటికి ముందు నేను కొన్నవి నగరంలోని ఒక కంపెనీ పొట్లాలు. అందంగా ముద్రించిన పొట్లం మీద పీచు పదార్థం గురించి పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. లోపల గింజ మాత్రం తవుడు పొర జాడ లేకుండా పాలిష్ పట్టి, వెలవెలబోయి ఉండేది. పది నిమిషాల్లో ఉడికి, జావలా మెత్తబడి, గంటలోనే మళ్లీ ఆకలి వేసేది. పీచు ఉండేదే ఆ తవుడు పొరలో. దానిని తీసేసి అమ్మేటప్పుడు ఆ ప్రచారానికి అర్థం ఉండదు. సంఘాల కొర్రలు పై పొట్టు మాత్రమే తీసినవి. వన్నె కాస్త మాసినట్టు, ముదురు పసుపుగా ఉంటుంది. కడిగిన నీళ్లు తెల్లగా కాక లేత గోధుమరంగులో వస్తాయి. వీటిని కనీసం ఆరు గంటలు నానబెట్టాలి. ఒకటికి రెండున్నర పాళ్ల నీళ్లు పోసి, మూత పెట్టి వండి, దించాక పావుగంట కదపకుండా వదిలేస్తే అన్నం విడివిడిగా వస్తుంది. నానబెట్టకుండా హడావిడిగా వండితే గింజ నడుమ పలుకు మిగిలి, కడుపు ఉబ్బరిస్తుంది. తైదల గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. అంబలికి, ముద్దకు, పిల్లల జావకు అవి ఎప్పుడూ నమ్మకమైనవే. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం వంద గ్రాముల తైదల్లో 350 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుంది; బియ్యంలో అది పది మిల్లీగ్రాముల లోపే.

ఈ సరుకు మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చినవి కందులు. పప్పు త్వరగా ఉడుకుతుంది, ఉడుకుతున్నప్పుడే ఇల్లంతా వాసన కమ్ముకుంటుంది. ఆ కందులు జొన్న చేలోనే పండుతాయి. ఇక్కడి మహిళలు తమ చెల్కల్లో (వానమీద ఆధారపడే మెట్టభూముల్లో) ఒకే పంట వేయరు. పచ్చజొన్న సాళ్ల నడుమ కంది, దాని పక్కన బొబ్బర, అనుము, పెసర, మినుము, ఇంకో వైపు కొర్ర, నువ్వు, పుంటికూర, ఇలా ఒక్క ఎకరంలోనే పది పదిహేను రకాలు వేస్తారు. పెసర రెండు నెలలు దాటగానే చేతికి వస్తుంది. మూడో నెలలో కొర్ర, నాలుగో నెలలో జొన్న కోతకు వస్తాయి. లోతుకు వేరు పోయే కంది అందరికంటే చివర, చలికాలంలో కాస్తుంది. పప్పుజాతి మొక్కల వేరుబుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు పట్టి ఇస్తాయి గనుక యూరియా బస్తా కొనవలసిన అవసరం ఉండదు. వాన ఒక నెల ముఖం చాటేస్తే ఒక పంట పోతుంది, మిగిలినవి నిలుస్తాయి. జొన్న చొప్ప పశువుకు మేత, కందికట్టె పొయ్యికి వంటచెరకు, పశువు పేడ మళ్లీ అదే చేనుకు ఎరువు. ఈ చేలకు కలుపుమందు కొట్టరు గనుక, ఎవరూ విత్తకుండానే మొలిచే ఆకుకూరలు, జొన్నచెంచలి, తుమ్మికూర, దొగ్గలికూర, గంగవాయిలి వంటివి, వానకాలమంతా కూలికి పోయే తల్లులకు ఉచితంగా దొరికే కూరలయ్యాయి. కూరగాయలు కొనలేని ఇంట్లో ఇనుము, విటమిన్లు వచ్చేది వీటి నుంచే. పక్కనే చెరకు, పత్తి ఒక్కటే వేసిన పొలాల్లో ఈ కూరలు కనిపించవు. పర్యావరణం, పేదవాని పళ్లెం వేరువేరు సమస్యలు కావని అర్థం చేసుకోవడానికి ఈ రెండు చేలను పక్కపక్కన చూస్తే చాలు.

విత్తనం గురించి చెప్పకుండా ఈ గింజల గురించి చెప్పడం కుదరదు. మనం తినే కూరగాయల్లోనూ, ధాన్యంలోనూ చాలావాటి విత్తనం ఏటేటా దుకాణం నుంచి వచ్చేదే. సంఘాల్లో విత్తనం మహిళల చేతిలోనే ఉంటుంది. కోతకు ముందే చేనంతా నడిచి, నిండుగా, పురుగు లేకుండా ఉన్న కంకులను ఎంచి, వేరుగా కోసి, ఎండబెడతారు. పేడ, మట్టి కలిపి అలికిన వెదురు గంపల్లో గింజతోపాటు బూడిద, ఎండిన వేపాకు వేసి, పైన గడ్డి కప్పి, మూతి మళ్లీ మట్టితో మూసేస్తారు. లోపలికి గాలి చొరబడదు, పురుగు పట్టదు. విత్తనం లేని రైతు సంఘం దగ్గర నాగుకు తీసుకొని, పంట వచ్చాక కొంత కలిపి గింజగానే తిరిగి ఇస్తుంది. డబ్బు ప్రస్తావన రాదు. కనుమరుగైపోయిన ఎన్నో రకాలు ఇలా చేతులు మారుతూ మళ్లీ చేలకు ఎక్కాయి. మనం ఒక కిలో పచ్చజొన్న కొన్నప్పుడు, ఏ కంపెనీకీ హక్కు లేని ఒక విత్తనం మరో ఏడాది బతకడానికి కూడా కొంత చెల్లిస్తున్నామన్నమాట. వీటిని ఇష్టపడటానికి నాకున్న పెద్ద కారణాల్లో ఇది ఒకటి.

ఇదంతా ఎక్కడినుంచి మొదలైందో కొంచెం వెనక్కు వెళ్లి చూడాలి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో ఏర్పడింది. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే ఆ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో నిర్మాతగా పనిచేసినవారు. 2023 మార్చి 19న కన్నుమూశారు. సరిగ్గా 1983లోనే ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. ఆ బియ్యం ఎందరి ఆకలినో తీర్చింది, అది కాదనలేని మేలు. అయితే నీటిపారుదల ఉన్న ప్రాంతాల బియ్యం చవకగా ఇంటి ముందుకు రావడంతో, వానమీద బతికే చెల్కల్లో జొన్న పండించడానికి పెట్టే చాకిరీ దండగ అనిపించసాగింది. దళిత కుటుంబాలకు పట్టాలుగా వచ్చిన భూములు అసలే రాళ్లూ రప్పలూ ఉన్న ఎర్రనేలలు. వాటిని బాగుచేసుకునే పెట్టుబడి లేక, ఏళ్ల తరబడి పడావు (బీడు) పెట్టి, కుటుంబమంతా ఇతరుల చేలకు కూలికి పోయేవారు. కాగితం మీద భూమి ఉండి, ఇంట్లో గింజ లేని స్థితి అది.

సంఘాలు దీనికి వెతికిన దారి 1990ల మధ్యలో రూపుదిద్దుకున్న సామూహిక ధాన్యనిధి. ముప్పైకి పైగా ఊళ్లలో, రెండున్నర వేల ఎకరాలకు పైబడిన పడావు భూములను సాగులోకి తేవడానికి దున్నకం, ఎరువు, విత్తనాల కోసం మహిళలకు అప్పు ఇచ్చారు. ఆ అప్పును రూపాయలుగా కాక జొన్నలుగా, కొన్నేళ్లపాటు విడతల వారీగా తీర్చాలి. అలా పోగైన జొన్నలు ఊళ్లోనే నిల్వ ఉండి, వానకాలంలో కూలి దొరకని రోజుల్లో తక్కువ ధరకు పేద ఇళ్లకు చేరేవి. ఎవరు ఎంత పేదవారో తేల్చినది తహసీల్దారు కచేరీ కాదు. ఊరివారు నడివీధిలో కూర్చొని, నేలమీద ఊరి పటం గీసి, ఇల్లిల్లూ చర్చించి నిర్ణయించారు. అందరికంటే పేద ఇంటికి అందరికంటే ఎక్కువ గింజ దక్కేలా కార్డులు ఇచ్చారు. రేషన్ దుకాణానికి సరుకు వందల మైళ్ల దూరం నుంచి వస్తుంటే, ఇక్కడ పండినదీ, నిల్వ చేసినదీ, పంచినదీ ఆ ఊళ్లోనే. పంట పండితే పొలం యజమానురాలికి గింజ, పక్కింటికి కూలి, ముసలమ్మకు తిండి ఒకేసారి సమకూరాయి. నేను చదివినంతలో, చూసినంతలో ఆహార పంపిణీకి ఇంతకంటే న్యాయమైన ఏర్పాటు మరొకటి కనబడలేదు.

సంఘం నడిచే తీరు కూడా సరుకు నాణ్యతలో భాగమే. పగలంతా పనిలో ఉంటారు గనుక సమావేశాలు రాత్రిపూట జరుగుతాయి. ఏ పంట వేయాలి, ఎవరికి విత్తనం ఇవ్వాలి, ఎంత అమ్మవచ్చు అనే నిర్ణయాలు అక్కడివే. సొంత భూమి లేనివారు కొందరు కలిసి భూమిని కౌలుకు తీసుకొని సామూహికంగా సాగు చేశారు. చదువు రాని మహిళలు కెమెరా పట్టుకొని తమ చేల గురించి, పక్క జిల్లాల్లో బీటీ పత్తి వేసి నష్టపోయిన రైతుల గురించి చిత్రాలు తీశారు. సంస్థ చెప్పే లెక్క ప్రకారం సుమారు 75 ఊళ్లలో 5,000 మంది మహిళలు సంఘాల్లో ఉన్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారికి ఈక్వేటర్ పురస్కారం ఇచ్చింది. పురస్కారం గొప్పదే, కాదనను. అయితే ఒకప్పుడు కూలి అడగడానికి దొర గడప బయట నిలబడిన ఇంటి ఆడపడుచు దగ్గరికి, ఇప్పుడు భూమి ఎక్కువగా ఉన్న రైతు విత్తనం అడగడానికి రావడమే నా దృష్టిలో అంతకంటే పెద్ద విషయం.

సేంద్రియం అన్న మాటను ఎలా నమ్మాలి అని చాలామంది అడుగుతారు. ఎగుమతులకు వాడే ధ్రువీకరణలో బయటి సంస్థ మనిషి వచ్చి, కాగితాలు చూసి, రుసుము తీసుకొని ముద్ర వేస్తాడు. రెండెకరాల రైతు ఆ రుసుము భరించలేదు. సంఘాలు ఎంచుకున్న భాగస్వామ్య హామీ పద్ధతిలో ఊరి రైతులే చిన్న బృందాలుగా ఏర్పడి, ఒకరి చేనును మరొకరు తనిఖీ చేసి, పూచీ పడతారు. ఎవరైనా మందు కొడితే పక్క చేను వారికి వాసన రాకుండా ఉండదు. పూచీ పడినవారందరి మాటా పోతుంది. ముద్రకంటే ఈ కాపలాయే గట్టిదని నా నమ్మకం. అయితే కొనేవారికి ఈ పద్ధతిని వివరించే ప్రయత్నం దేశంలో ఎక్కడా చాలినంత జరగడం లేదు. ఇంగ్లీషులో వేసిన ఒక గుర్తు చూసి నమ్మే నగరవాసికి ఈ హామీ విలువ తెలియదు.

ఈ సంఘాలు ఇచ్చే సేవల్లో మరొకటి సంఘం రేడియో. దాన్ని సమీక్షించడానికి వేరే వ్యాసం కావాలి గనుక నాలుగు మాటలతో సరిపెడతాను. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1998 నాటికే మాచ్‌నూర్‌లో స్టూడియో ఉన్నా, ప్రసారానికి అనుమతి లేక, మహిళలు కార్యక్రమాలను క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల్లో వినిపించుకున్నారు. చివరకు 2008 అక్టోబర్ 15న, ఆ తీర్పు ఇచ్చిన న్యాయమూర్తుల్లో ఒకరైన జస్టిస్ పి.బి. సావంత్ చేతులమీదుగానే 90.4 ఎఫ్.ఎం. మీద ప్రసారం మొదలైంది. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ నడిపిన ఆ కేంద్రంలో విత్తనం నిల్వ, పశువైద్యం, బతుకమ్మ పాటలు, కూలి రేట్లు అన్నీ ఆ ప్రాంతపు యాసలోనే వినిపిస్తాయి. వినేవారికీ మాట్లాడేవారికీ మధ్య పెద్ద తేడా లేదు. నేడు విన్న అక్క రేపు మైకు ముందు కూర్చుంటుంది.

ఇక ధర, దొరకడం. బియ్యంతో పోల్చి చూస్తే ఈ గింజలు ప్రియమే. రేషన్ బియ్యం వెనుక ప్రభుత్వ రాయితీ, ఎరువుల రాయితీ, కాలువల ఖర్చు ఉన్నాయి. చెల్క జొన్న వెనుక అటువంటిదేమీ లేదు. 2013 ఆహార భద్రతా చట్టంలో ముతక ధాన్యాలకు చోటు దక్కింది, 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, అయినా తెలుగునాట రేషన్ దుకాణంలో నేటికీ ప్రధానంగా కనిపించేది బియ్యమే. ఒడిశా ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన మిల్లెట్స్ మిషన్ కింద ఆదివాసీ రైతుల నుంచి తైదలను మద్దతు ధరకు కొని, అంగన్‌వాడీ పిల్లలకు లడ్డూలుగా ఇస్తున్నారు. అలాంటి కొనుగోలు ఇక్కడ పెద్ద ఎత్తున లేనంత కాలం చిరుధాన్యం పేదవాని చేలో పుట్టి ధనికుని పళ్లెంలో తేలే సరుకుగానే మిగిలిపోతుంది. జహీరాబాద్ సంఘాలు దీనికి లొంగకపోవడం నాకు గౌరవం కలిగిస్తుంది. గిరాకీ ఉంది కదా అని ఇంటి గింజను అమ్ముకోవడం వారి పద్ధతి కాదు. అందువల్ల ఒక ఏడాది సామలు దొరుకుతాయి, ఇంకో ఏడాది దొరకవు. వాన తక్కువైన ఏడు కందులు త్వరగా అయిపోతాయి. ఏడాది పొడుగునా ఒకే సరుకు, ఒకే ధర, మరునాడే డెలివరీ కావాలనేవారికి ఇది నచ్చదు. అటువంటి హామీ కోరితే, మొదట కోత పడేది పండించినామె ఇంటి గంపలోనే అని వారు గ్రహించాలి.

లోపాలను దాచను. మొదటిది పొట్టు తీయడం. జొన్నకు, సజ్జకు ఈ బాధ లేదు. కొర్ర, సామ, అరికె గింజలు మాత్రం గట్టి పొట్టులో ఉంటాయి. రోట్లో దంచి, చెరిగి తీయాలంటే ఒక పూట కూలి అంత పని. చిన్న యంత్రాలు వచ్చాయి గాని, వేర్వేరు పరిమాణాల గింజ కలిసినప్పుడు కొంత నలుగుతుంది, కొంత పొట్టుతోనే మిగులుతుంది. దేశమంతటా చిన్న చిరుధాన్యాలకు ఉన్న ఇబ్బందే ఇది. ఊరూరా అందుబాటులో ఉండే మంచి యంత్రం కోసం పరిశోధనా సంస్థలు చేయవలసిన పని ఇంకా చాలా మిగిలి ఉంది. కాబట్టి వండే ముందు చేటలో చెరిగి, గాలించుకోవడం మానకూడదు. రెండోది నిల్వ. తవుడు పొర ఉన్న గింజలో నూనె ఉంటుంది గనుక, పొట్టు తీసిన కొర్రలు రెండు మూడు నెలలు దాటితే ముక్కవాసన వేస్తాయి. సజ్జపిండి మరీ సున్నితమైనది, వారం దాటితే చేదెక్కుతుంది.

మూడో లోపం సరుకులో లేదు, మన లెక్కల్లో ఉంది. ఇన్ని రకాల పంటలను విత్తడం, కలుపు తీయడం, వేరువేరుగా కోయడం, విత్తనం ఎంచడం, దాచడం దాదాపు పూర్తిగా ఆడవారి మీద పడే చాకిరీ. ఆ చాకిరీ వారికి భూమి మీద, విత్తనం మీద అధికారాన్ని ఇచ్చింది, అది నిజం. అయినా వారి కోడళ్లు, మనుమరాళ్లు చదువుకొని వేరే కొలువులు కోరుకుంటే, మా జొన్నల కోసం చేలోనే ఉండమనే హక్కు కొనేవారికి లేదు. పొలంపని గౌరవంగా, కొంత సులువుగా, లాభసాటిగా మారితేనే తరువాతి తరం నిలుస్తుంది. మాచ్‌నూర్‌లోని పచ్చసాలెలో బడిచదువుతోపాటు వడ్రంగం, కుట్టుపని, సాగు నేర్పడం ఆ దిశలో మంచి ప్రయత్నం. ఒక్క బడితో తీరే సమస్య కాదు. దశాబ్దాలపాటు ముందుండి నడిపిన సతీష్ లేని కాలంలో సంఘాల మహిళలే పూర్తిగా పగ్గాలు పట్టడం కూడా ఇప్పుడు ముఖ్యం. అందుకు కావలసిన అనుభవం వారికి ఉందని నేను దృఢంగా నమ్ముతున్నాను.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం భూమికే ఉంది. 2016లో కేంద్రం ఆమోదించిన జహీరాబాద్ జాతీయ పెట్టుబడుల, ఉత్పాదక మండలి (నిమ్జ్) అనే పెద్ద పారిశ్రామిక ప్రాంతం కోసం న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో సుమారు 12,600 ఎకరాలు అవసరమని నిర్ణయించారు. మాచ్‌నూర్ ఉన్నది ఝరాసంగం మండలంలోనే. పరిశ్రమలు రావద్దని నేను అనడం లేదు; ఆ ప్రాంతపు యువతకు ఉద్యోగాలు కావాలి. కానీ నష్టపరిహారపు లెక్క ఎకరానికి ఇంత అని కడతారు. పది పదిహేను పంటలు, ఉచితంగా మొలిచే ఆకుకూరలు, నాగుకు ఇచ్చే విత్తనం, పక్కింటి కూలి ఆ లెక్కలోకి రావు. పట్టా లేకుండా కౌలుకు చేసే మహిళ పేరు అసలే రాదు. భూసేకరణ మీద గ్రామసభల్లో లేచిన అభ్యంతరాలను, ముఖ్యంగా దళిత రైతుల అభ్యంతరాలను, ప్రభుత్వాలు అడ్డంకిగా కాక సమాచారంగా స్వీకరించాలి. ఈ గింజలు తినే మనం ఆ విషయంలో మౌనంగా ఉండటం తగదు.

కొనదలచినవారికి నా సలహా ఇది. మొదటిసారి పచ్చజొన్నలు, కందులు తీసుకోండి. వండటానికి సులువు, రుచిలో తేడా వెంటనే తెలుస్తుంది. కొర్రలు, సామలు తరువాత. జొన్న వానకాలపు పంట దీపావళి తరువాత, కందులు సంక్రాంతి తరువాత, యాసంగి మల్లెజొన్న హోలీ నాటికి కొత్తవి వస్తాయి గనుక ఆ కాలాల్లో అడిగితే తాజా గింజ దొరుకుతుంది. వీలైతే ఏటా సంక్రాంతి నుంచి ఫిబ్రవరి మధ్యదాకా ఊరూరా ఎడ్లబండ్ల మీద సాగే పాత పంటల జాతరకు వెళ్లండి. బండ్ల నిండా గంపల్లో పేర్చిన విత్తనాలను చూసి, ఏది దేనికి పనికివస్తుందో పండించినవారినే అడిగి తెలుసుకోవచ్చు. బేరం ఆడకండి. ఒకేసారి ఏడాదికి సరిపడా కొని డబ్బాల్లో నింపుకోకుండా, రెండు నెలలకు చాలినంత తెచ్చుకొని, అయిపోయాక మళ్లీ అడగండి. లేవంటే ఆ నెల వేరేది వండుకోండి.